ముద్దల లెక్క

తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లల గురించి మన ఇళ్ళల్లో జరిగే వాదన ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. పెద్దవాళ్ళకు కోపమో, తల్లికి ఏడుపో వచ్చి మాట తెగిపోతుంది. దాన్ని చివరిదాకా నడపాలని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఇద్దరూ నా కల్పనే. అమ్మ అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన మనిషి. తూకం, జబ్బ చుట్టుకొలత టేపు, ఎదుగుదల చార్టు ఆమెకు అలవాటైన పనిముట్లు. కూతురు కాలేజీలో పోషకాహార పాఠాలు చెబుతుంది. వాళ్ళు మాట్లాడుకునేది ఏ ఒక్క పిల్లాడి గురించో కాదు. ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ దాకా, కంచం చూడగానే మొహం తిప్పుకునే పిల్లలందరి గురించి. నా మనసు కూతురి వైపే మొగ్గుతుందని ముందే చెబుతున్నాను. కానీ అమ్మ వేసే ప్రశ్నలు తేలికైనవి కావు. వాటికి జవాబు చెప్పకుండా కూతురి పక్షాన నిలబడడం నాకు న్యాయమనిపించలేదు.

అమ్మ: ఆకలేస్తే వాడే తింటాడు, వెంటపడొద్దు అంటావు. వినడానికి బాగానే ఉంటుంది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒకసారి చూడు. అయిదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకు తగ్గ బరువు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.6 శాతం, తెలంగాణలో 31.8 శాతం. వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్ళు అక్కడ 31.2, ఇక్కడ 33.1. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. రక్తహీనత సంగతి చెప్పనే అక్కర్లేదు, తెలంగాణలో పదిమంది పిల్లల్లో ఏడుగురికి ఉంది. ఇలాంటి చోట, పిల్లాడు మొహం తిప్పుకోగానే కంచం తీసేయమనే సలహా కలిగిన దేశాల్లో పుట్టింది. అక్కడ పిల్లలు ఎక్కువ తింటున్నారని బెంగ. ఇక్కడ తక్కువ తింటున్నారని. తల్లి పొద్దున్నే కూలికి పోతుంది, గిన్నెలో ఇంత అన్నం పెట్టి పిల్లాడి ముందుంచుతుంది. తిన్నాడో లేదో చూసేవాళ్ళుండరు. ఏడాదిన్నర పిల్లాడు నాలుగు మెతుకులు కెలికి లేచిపోతాడు. పోషణ లోపానికి అదీ ఒక కారణమని ట్రైనింగుల్లో నేర్చుకున్నాం. నువ్వు దానికే మంచి పేరు పెట్టి తిరిగి తెస్తున్నావు. పక్కన కూర్చుని, బతిమాలి, కొసరి కొసరి నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టడం మన ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని. అది తప్పంటే నేనొప్పుకోను.

కూతురు: పక్కన కూర్చోవద్దని నేననలేదమ్మా. నువ్వు చెప్పిన ఆ పిల్లాడిని వాడి మానాన వాణ్ణి వదిలేశారు. అది నిర్లక్ష్యమే, దాన్ని నేనూ సమర్థించను. నేను చెప్పేది పని పంచుకోవడం గురించి. అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు 1980లలో ఈ పంపకాన్ని చాలా తేటగా చెప్పింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి పెద్దవాళ్ళ పని. పెట్టినదాంట్లో తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. మన ఇళ్ళల్లో ఇది తిరగబడింది. ‘ఏం కావాలి నాన్నా, దోశా, నూడుల్సా?’ అని ఏం వండాలో నాలుగేళ్ళ పిల్లాడిని అడుగుతాం. ఎంత తినాలో మాత్రం మనమే నిర్ణయిస్తాం. వాడికి చేతకాని పని వాడికిచ్చాం, వాడికి చేతనైన పని లాక్కున్నాం. కూలికి పోయే తల్లి ఇంట్లో లోపించింది మొదటి మూడూ, అంటే పెద్దవాళ్ళ వంతు. దానికి మందు పిల్లాడి వంతు కూడా మనం తీసుకోవడం కాదు, మన వంతు మనం సరిగ్గా చేయడం.

ఇంకో మాట. చాలా ఇళ్ళల్లో ‘ఏడాది దాకా బాగా తిన్నాడు, ఇప్పుడేమైందో’ అని బెంగపడతారు. ఏమీ కాలేదు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏడు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఆ తరవాత అయిదేళ్ళదాకా ఏడాదికి రెండు కిలోల చొప్పున. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. సరిగ్గా ఆ వయసులోనే కొత్త తిండంటే జంకూ మొదలవుతుంది. నడక నేర్చి, చేతికందింది నోట్లో పెట్టుకోగలిగే వయసులో తెలియనిదాన్ని ఉమ్మేసే గుణం పిల్లాడిని కాపాడేదే. 2007లో ఇంగ్లండ్ పరిశోధకులు 5,390 కవల జంటల లెక్కలు తీస్తే, ఈ జంకులో పిల్లలకూ పిల్లలకూ మధ్య కనబడే తేడాలో 78 శాతం పుట్టుకతో వచ్చిందేనని తేలింది. ‘తల్లికి తినిపించడం రాదు’ అని మన చుట్టాలు ఎంత సులువుగా అనేస్తారో నీకు తెలుసు. ఆ మాట పడ్డ తల్లే మర్నాడు పిల్లాడి దవడ నొక్కి ముద్ద కుక్కుతుంది.

అమ్మ: గుణం పుట్టుకతో వచ్చిందనుకో, బరువు తగ్గితే ఆ గుణం ఏం ఆదుకుంటుంది? చార్టు నాకు నేర్పకు. నాలుగేళ్ళ మగపిల్లాడికి మధ్య గీత 16.3 కిలోలు. పదమూడున్నర కిలోలున్న పిల్లాడి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వాడి అమ్మమ్మ చూస్తూ ఊరుకుంటుందా?

కూతురు: నువ్వే చార్టు తీశావు కాబట్టి దాన్నే పూర్తిగా చదువుదాం. మధ్య గీత అంటే ఆరోగ్యంగా పెరిగే పిల్లల్లో సగంమంది దానికి కింద ఉంటారని అర్థం. అది అందరూ అందుకోవలసిన మార్కు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఈ ప్రమాణాలు తెల్లవాళ్ళ పిల్లల్ని చూసి గీసినవీ కావు. ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు, అందులో మన దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. నాలుగేళ్ళ మగపిల్లాడికి కింది హద్దు 12.7 కిలోలు, ఆడపిల్లకి 12.3. పదమూడున్నర కిలోల పిల్లాడు హద్దుకు పైనే ఉన్నాడు. వాడిది మొదటినుంచీ అదే గీత అయి, ఎత్తు కూడా పెరుగుతుంటే, తల్లిదండ్రులూ సన్నటి మనుషులే అయితే, వాడు తన దారిన తాను సరిగ్గానే పెరుగుతున్నాడు. పధ్నాలుగున్నర దగ్గర ఉండి ఆరునెలల్లో పదమూడున్నరకు దిగినవాడి సంగతి వేరు, వాడి గురించి నేనూ నిద్రపోను. ఒకే బరువు, ఇద్దరు పిల్లలు, రెండు అర్థాలు. కంటికి ఇద్దరూ ఒకేలా కనబడతారు. ఇంకా చెప్పాలంటే నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలు జీవితంలో అన్నిటికన్నా సన్నగా కనబడే వయసులో ఉంటారు. పాలబుగ్గలు కరిగి, కాళ్ళు సాగి, పక్కటెముకలు తేలే వయసు అది. మన కళ్ళకు అలవాటైన బొద్దుతనం ఆ వయసుకు రాకపోవడమే మంచిది. 1969–72 మధ్య ఢిల్లీలో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా కొలుస్తూ వచ్చారు. వాళ్ళలో 1,492 మందిని 26–32 ఏళ్ళప్పుడు పరీక్షించారు. షుగరు వచ్చినవాళ్ళూ, దాని అంచున ఉన్నవాళ్ళూ రెండేళ్ళలోపు బక్కగా ఉండి, ఆ సన్నబడే వయసును తొందరగా దాటేసి, ఆ తరవాత ఎత్తుతో పోలిస్తే బరువు వేగంగా పెరుగుతూ వచ్చినవాళ్ళు. పన్నెండేళ్ళప్పుడు వాళ్ళలో ఒక్కరూ లావుగా లేరు. ఎవరూ గుర్తుపట్టని పెరుగుదల అది.

అమ్మ: నువ్వు చెప్పినదాంట్లోనే నా మాట ఉంది చూసుకో. రెండేళ్ళలోపు బక్కగా ఉన్నవాళ్ళకే ఆ రోగమొచ్చింది. అంటే ఆ రెండేళ్ళూ గట్టిగా పెట్టాల్సిందేగా?

కూతురు: పెట్టాల్సిందే. ఈ మాటలో నీకూ నాకూ తేడా లేదు. రెండేళ్ళలోపు బలహీనతకు క్షమ ఉండదు. తల్లి కడుపులో ఉన్నప్పటినుంచి ఆ రెండేళ్ళ దాకా పోయినది తిరిగి రాబట్టడం చాలా కష్టం. నేను అడిగేది ‘గట్టిగా’ అన్న మాటకు అర్థమేంటని. ముద్దలో సత్తువ గట్టిగా ఉండాలా, ముద్ద పెట్టే చెయ్యి గట్టిగా ఉండాలా?

ఇక్కడ నేను కాసేపు ఆగాలి. మన వాదనలన్నీ తెగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. పెద్దతరం అనుభవంలో తిండి కొరత ఉంది. దొరికినపుడు తినిపించకపోతే పాపం అన్న భావం అక్కడినుంచి వచ్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కొత్తతరం చదువుకున్న పుస్తకాల్లో కొరత లేదు. ఈ రెంటి మధ్యనున్న పిల్లాడికి, అంటే ఇంట్లో తిండి ఉండీ తినని పిల్లాడికి, ఏది పనిచేస్తుందో నమ్మకాలను బట్టి కాక పరీక్షించి చూసినవాళ్ళ లెక్కల్ని బట్టి తేల్చుకోవాలి. బలవంతంతో పిల్లాడు నిజంగా ఎక్కువ తింటే, బరువు పెరిగితే, నేను అమ్మ వైపే నిలబడేవాడిని.

కూతురు: 2006లో అమెరికాలో చిన్నపిల్లల బడిలో ఒక చిన్న పరీక్ష చేశారు. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు రెండు రకాల సూప్ పెట్టారు. ఒకటి తాగేటప్పుడు ‘పూర్తిగా తాగెయ్యి’ అని మళ్ళీమళ్ళీ చెప్పారు, రెండోదానికి ఏమీ అనలేదు. చెప్పినప్పటికన్నా చెప్పనప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు, చెప్పినదాని మీద విసుగూ ఎక్కువ చూపించారు. కొట్టలేదు, తిట్టలేదు. ఉత్త మాటకే అంత తేడా వస్తే దవడ నొక్కితే ఎంత వస్తుందో ఆలోచించు. అదే బృందంలోని లీన్ బర్చ్ 1991లో 15 మంది చిన్నపిల్లలు ఆరురోజులపాటు తిన్నదంతా తూచింది. పూటపూటకూ తిండి మూడోవంతు దాకా అటూఇటూ ఊగింది. రోజు మొత్తం చూస్తే ఆ ఊగుడు పదిశాతమే. మధ్యాహ్నం మానేసింది రాత్రికి సర్దుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. మనం చూసేది ఒక పూట కంచం. వాడి ఒళ్ళు చూసేది మొత్తం రోజు.

అమ్మ: పదిహేనుమంది అమెరికా పిల్లలు. వాళ్ళ ఫ్రిజ్జులో ఏమున్నాయో, మన గూట్లో ఏమున్నాయో! మన దగ్గరి లెక్క చెప్పు.

కూతురు: చెబుతాను, అది నల్గొండ జిల్లాదే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అరవై పల్లెల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో గుంపులో ఏ వయసుకు ఏం పెట్టాలో ఇంటికెళ్ళి తల్లులకు చెప్పారు. మూడో గుంపులో దానితోపాటు బిడ్డ ఆకలి గుర్తులు చదవడం, మాట్లాడుతూ ఓపిగ్గా తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. మూడునెలల బిడ్డ పదిహేను నెలల వాడయ్యేదాకా సాగిన పని అది, ఫలితాలు 2013లో వచ్చాయి. నేర్పిన రెండు గుంపుల్లోనూ పిల్లలు తినే శక్తి, మాంసకృత్తులు పెరిగాయి. మూడో గుంపు పిల్లలకు బుద్ధి వికాసం కూడా మామూలు గుంపుకన్నా మెరుగ్గా వచ్చింది. అంటే బిడ్డ మొహం చూసి తినిపిస్తే తిండి తగ్గిపోతుందన్న భయం మన పల్లెల్లోనే తప్పని తేలింది.

అమ్మ: ఆ పరిశోధన నాకూ తెలుసు. ఎత్తు విషయంలో మెరుగు కనబడింది రెండో గుంపులో, ఏం పెట్టాలో చెప్పినచోట. ఆ సంగతి నువ్వు చెప్పలేదు.

కూతురు: నిజమే, చెప్పాల్సింది. అది నా మాటకు అడ్డం కాదు, సగం. ఏం పెట్టామన్నది ఎత్తునూ బరువునూ నడుపుతుంది. ఎలా పెట్టామన్నది పిల్లాడు రేపూ ఎల్లుండీ కంచం దగ్గరికి వస్తాడా లేదా అన్నదాన్ని నడుపుతుంది. ఇంకో సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు. జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్లకన్నా తగ్గి, తీవ్రమైన లోపంలో ఉన్న బిడ్డను తీసుకొస్తే మొదట ఏం చేస్తారు? ఆకలి పరీక్ష. పోషకాహారం కొంచెం ఇచ్చి, తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, బిడ్డ తనంతట తాను తింటాడా అని చూస్తారు. బలవంతంగా పెట్టకూడదని నియమం. తింటే ఇంటి దగ్గరే చూసుకోవచ్చు, తినకపోతే ఆస్పత్రిలో పెట్టాలి. ఎందుకంటే అంత బక్క బిడ్డ తినడం లేదంటే లోపల ఇంకేదో జబ్బుందని అర్థం. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డ దగ్గరే ఆకలిని నాడిలా పట్టుకుని చూస్తుంటే, హద్దులో ఉన్న పిల్లాడి ఆకలిని మనం మొండితనం అంటున్నాం.

అమ్మ: (కొంచెం ఆగి) ఆ పరీక్ష అలాగే చేస్తాం, కాదనను. సరే, బలవంతం వదిలేశామే అనుకో. బరువు ఎలా పెంచుతావు? ఆకలిని నమ్మితే కిలోలు వస్తాయా?

కూతురు: ముందు ఆకలి పుట్టాలి. మన పిల్లల్లో చాలామందికి అది పుట్టే సందే లేదు. పొద్దున లేవగానే పెద్దగ్లాసు పాలు, అందులో రెండు చెంచాల పొడి. పదింటికి బిస్కెట్లు. టిఫిన్ తినలేదని ఇంకో అరగ్లాసు పాలు. అన్నం తినలేదని మళ్ళీ ఏదో ప్యాకెట్. సాయంత్రం ఇంకో గ్లాసు. రాత్రి అన్నం పారేసి పడుకునే ముందు మరో గ్లాసు. లీటరు దగ్గర పాలు కడుపులో ఉన్న పిల్లాడికి పప్పన్నం ఎక్కడ పడుతుంది? పాలు మంచివే, కానీ పాలలో ఇనుము లేనట్టే లెక్క. రోజుకు అరలీటరు దాటితే అవి అన్నాన్ని తోసేస్తాయి. రక్తహీనత వస్తుంది, ఆ రక్తహీనతే ఆకలిని ఇంకా చంపుతుంది. నువ్వు చెప్పిన పదిమందిలో ఏడుగురు అన్న లెక్కలో కలిగిన ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. పొడుల సంగతి, మన ఆహార చట్టంలో ‘ఆరోగ్య పానీయం’ అన్న నిర్వచనమే లేదని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలన్నింటికీ చెప్పి, ఆ పేరున్న విభాగం నుంచి వాటిని తీసేయమంది. తల్లులు కొనేది మాత్రం ఆరోగ్యమనుకునే. అందుకే నేను అడిగేది మూడు భోజనాలు, మధ్యలో రెండు చిరుతిళ్ళు, ఈ అయిదు పూటల మధ్య రెండు రెండున్నర గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ లేకపోవడం. పూట అరగంట. తినకపోతే దెప్పకుండా తీసేసి, తరవాతి పూట దాకా ఆగడం. మొదటి వారం కష్టమే, ఇల్లంతా ఏడుపులుంటాయి. కడుపుకు పూటలు అలవాటయ్యాక ఆకలి దానంతటదే వేళకు వస్తుంది.

ఆ తరవాత సత్తువ. నాలుగేళ్ళ పిల్లాడికి రోజుకు దాదాపు 1,360 కేలరీలు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఇంటి దగ్గర కూర్చుని పని చేసే ఆడమనిషికి 1,660. వాడి పొట్ట మాత్రం వాడి పిడికిలి కన్నా కొంచెమే పెద్దది. అంత పొట్టలో అంత శక్తి పట్టాలంటే చారన్నంతో కుదరదు. చారు నీళ్ళే కదా, పిల్లాడు జారుడుగా మింగేస్తాడని మనం అదే పెడతాం. వాడు పది ముద్దలు తిన్నాడని సంతోషిస్తాం. అదే అన్నంలో ముద్దపప్పు కలిపి చెంచాడు నెయ్యి వేస్తే నెయ్యి ఒక్కటే 45 కేలరీలు. అయిదు ముద్దలు తిని లేచిపోయినా వాడికి ఎక్కువే అందింది. ఒక గుడ్డు 70 కేలరీలు, ఆరు గ్రాముల మాంసకృత్తులు. దోశ పిండిలో గుడ్డు కొట్టి పోయొచ్చు. వేరుశనగపొడి ఇడ్లీకీ అన్నానికీ సరిపోతుంది. పల్లీలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి, పొడో ముద్దో చేసి ఇవ్వాలి. నువ్వుల ఉండ, మీగడ పెరుగు, అరటిపండు. ఇవేవీ కొత్త సరుకులు కావు. మన జాతీయ పోషకాహార సంస్థే దశాబ్దాల కిందట ‘హైదరాబాద్ మిక్స్’ అని ఒకటి చేసింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగలు 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11 గ్రాములు దాటి మాంసకృత్తులు. అంగన్‌వాడీలో మీరిచ్చే బాలామృతం కూడా ఈ ఆలోచన మీద నడిచిందే కదా? కొంచెం తిన్నా చాలేలా చేయడం.

అమ్మ: బాలామృతం ఉద్దేశం అదే. సంచి తెరిస్తే ఇంట్లో అందరూ తినేస్తారు, అది వేరే బాధ. ఇదంతా బాగుంది. గోరుముద్దలు మాత్రం వదిలేయమనకు. చందమామను చూపించి, కథ చెప్పి తినిపించడాన్ని నీ పుస్తకాలు ఏమంటాయో నాకు అక్కర్లేదు.

కూతురు: నా పుస్తకాలు దాన్ని మెచ్చుకుంటాయమ్మా. పేరులోనే ఉంది, గోరంత ముద్ద. పిల్లాడి నోటికి సరిపడేంత. పెట్టేవాళ్ళ కళ్ళు పిల్లాడి మొహం మీద ఉంటాయి. నమిలి మింగేదాకా ఆగుతారు, ఎందుకంటే కథ అప్పటిదాకా నడవాలి. మొహం తిప్పుకుంటే ‘చాలా నాన్నా’ అని అడుగుతారు. ఆ మూడో గుంపు తల్లులకు నేర్పింది దాదాపు ఇదే. గోరుముద్ద పోయి ఫోను వచ్చింది, నా బాధ దానితోనే. ఫోను చూసే పిల్లాడి నోరు తెరుచుకుంటుంది, మనం వేస్తాం, వాడు మింగుతాడు. ఏం తిన్నాడో తెలియదు, పొట్ట నిండిందో తెలియదు. పెట్టేవాళ్ళూ వాడి మొహం చూడక్కర్లేదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద తెర గంట దాటకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనం మూడు పూటల భోజనంలోనే దాన్ని దాటేస్తున్నాం. మూడేళ్ళు వచ్చాక గోరుముద్దలు కూడా మెల్లగా తగ్గించి, వాడి చేతికి కంచం ఇచ్చి అందరితో పాటు కూర్చోబెట్టాలి. అంగన్‌వాడీలో వరసలో కూర్చున్నప్పుడు, ఇంట్లో ముట్టని గుడ్డును పిల్లాడు పక్కవాణ్ణి చూసి తినేయడం వింతేం కాదు. తోటి పిల్లలు ఇష్టంగా తినే కూరను చూసి పిల్లలు తమ ఇష్టం మార్చుకుంటారని 1980లోనే పరీక్షించి చూపించారు.

అమ్మ: లంచం మాటేమిటి? ‘బెండకాయ తింటే చాక్లెట్’ అంటే తింటున్నారుగా.

కూతురు: ఆ పూట తింటారు. బెండకాయ బాధ, చాక్లెట్ బహుమతి అని వాడికి మనమే నేర్పినట్టవుతుంది. బహుమతి కోసం తాగించిన పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గిందని 1984లో బర్చ్ బృందమే చూపించింది. తిండి కాకుండా ఒక స్టిక్కరో, మెచ్చుకోలు మాటో ఇచ్చి ‘ఒక్కసారి రుచి చూడు’ అంటే అంత చెడు జరగలేదని తరవాతి పరీక్షలు చెప్పాయి. కాబట్టి మెచ్చుకో, తిండితో తిండిని కొనకు.

అమ్మ: పిల్లాడికి వదిలేస్తే మంచిదే తింటాడన్న నమ్మకం ఎక్కడిది నీకు? వాడికి వదిలేస్తే కుర్‌కురేలే తింటాడు.

కూతురు: అందుకే ఏం పెట్టాలో వాడికి వదలనన్నాను. క్లారా డేవిస్ అనే డాక్టర్ 1920, 30లలో పదిహేనుమంది పసిపిల్లల్ని పాలు మానిపించిన దగ్గర్నుంచి నెలలూ ఏళ్ళూ తమ ఇష్టమొచ్చింది తిననిచ్చింది. ఏ ఒక్కరి తిండీ ఇంకొకరి తిండిలా లేదు. ఒకరోజు గుడ్లే, ఒకరోజు అరటిపళ్ళే. అయినా అందరూ బాగా పెరిగారు. ఎముకలు మెత్తబడిన జబ్బుతో వచ్చిన ఒక బిడ్డ కాడ్‌లివర్ నూనెను తనంతట తానే తాగి, జబ్బు నయమయ్యాక మానేశాడు. కిటుకు ఎక్కడుందో 1939లో ఆవిడే చెప్పింది. పిల్లల ముందు పెట్టిన 34 రకాల్లో పంచదార లేదు, మైదా లేదు, డబ్బాలోది ఏదీ లేదు. ఏం ఎంచుకున్నా చెడ్డది దొరకని పళ్ళెం అది. ఆ పళ్ళెం సర్దడమే పెద్దవాళ్ళ పని. కుర్‌కురే కొనేది పిల్లాడు కాదు.

తల్లులకు చెప్పవలసిన ఇంకో భాగం ఉంది, దాన్ని తొందరగానైనా స్పష్టంగా చెప్పాలి. ఇప్పటిదాకా చెప్పినదంతా హద్దులో ఉన్న పిల్లాడికి. గీత కిందికి దిగుతున్నా, ఎత్తు ఆగిపోయినా, మింగేటప్పుడు ఉక్కిరిబిక్కిరైనా, ముద్ద గంటలకొద్దీ బుగ్గనే ఉంచుకున్నా, తినే రకాలు నెలనెలకూ తగ్గిపోతూ అయిదారుకు చేరినా, మెత్తటిదో గట్టిదో ఒకే తీరు తిండి తప్ప ముట్టకపోయినా అది పేచీ కాదు, పిల్లల డాక్టర్ చూడాల్సిన సంగతి. వాటిలో కొన్నింటికి 2013 నుంచి వైద్యంలో ప్రత్యేకమైన పేరూ చికిత్సా ఉన్నాయి. మలబద్ధకం, నులిపురుగులు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండడం, ఇవి కూడా ఆకలిని మింగేస్తాయి. మందుల షాపులో అడిగి తెచ్చే ‘ఆకలి సిరప్’ వీటిలో దేన్నీ నయం చేయదు. అందులో ఎక్కువగా ఉండేది అలర్జీకి వాడే మందు, మత్తు తెస్తుంది. మానేస్తే ఆకలి మళ్ళీ వెనక్కే.

అమ్మ: దిష్టి తీయొద్దని మాత్రం అనవు కదా?

కూతురు: తియ్యి. తీసి, తూకం కూడా వెయ్యి. నెలకోసారి, ఒకే తక్కెడ మీద, పల్చటి బట్టల్లో. రోజూ తూచి రోజూ బెంగపడడం మాత్రం వద్దు.

అమ్మ: ఒకటి మిగిలింది. కొత్త కూర పది, పదిహేనుసార్లు ముందు పెడితే గాని పిల్లలు అలవాటు పడరని మీరంటారు. పది రూపాయల బీరకాయ పదిసార్లు పారేసే స్థోమత ఎవరికుంది? చాలామంది తల్లులు రెండోసారికే ‘వీడు తినడు’ అని మానేస్తారు. వాళ్ళను తప్పుపట్టలేను.

కూతురు: నేనూ పట్టను. డబ్బున్న దేశాల్లోని పేద తల్లులు కూడా పారేయాల్సి వస్తుందనే పిల్లలు తినని కూరలు కొనడం మానేస్తారు. మనకు ఒక వెసులుబాటుంది. మన ఇంట్లో కూర అందరికీ ఒకటే, ఒక్కో మనిషికి ఒక్కో ప్లేటు కాదు. పిల్లాడికి వేరే వండకు. మీ అందరికీ వండిన బీరకాయ పప్పులోంచి శనగగింజంత వాడి కంచం అంచున పెట్టు, పక్కనే వాడికి నచ్చే పెరుగన్నం ఉండనీ. ముట్టకపోతే శనగగింజంతే పోతుంది. నువ్వు వాడి పక్కనే కూర్చుని అదే పప్పు కలుపుకుని తిను. తిన్నావా అని అడగకు.

అమ్మ: అడక్కుండా ఉండడమే నాకు కష్టం.

కూతురు: తెలుసమ్మా. మొదట్లో ఆ అరగంట నీ కంచం చూసుకో, వాడి కంచం వద్దు.